పెరటి పొయ్యి యెటు చూడవలెను?

నిప్పు లేని యిల్లు లేదు. కాని ఆ నిప్పు ఇంటిలో నెచ్చట నుండవలెననుట కాలమునుబట్టి మాఱుచు వచ్చినది. మన యమ్మమ్మలనాడు వంటయిల్లనగా ఇంటి వెనుకనుండు చీకటిగది. కట్టెలపొయ్యి, మసిపట్టిన దూలములు, ఊదుడుగొట్టము, కన్నీరు—ఇవి యందలి సామగ్రి. తరువాత గ్యాసుపొయ్యి వచ్చెను. 1999వ సంవత్సరమున నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకమును, 2016వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ఉజ్జ్వల పథకమును ప్రారంభించి పేదయిండ్లకు సయితము గ్యాసు నందింప బూనుకొనెను. పొగ వెడలిన యిండ్లలో గోడలు తెల్లబడెను. ఇల్లాలి కన్నులును తెల్లబడెను. ఇప్పుడట్టి యిండ్లలోనే నిప్పును మరల పెరటిలోనికి బిలుచు వేడుక యొకటి బయలుదేరినది. దానిని బార్బెక్యూ యందురు. కొత్తగా నిల్లు కట్టుకొనువారు మేడమీదనో పెరటిలోనో దానికొక తిన్నె యుండవలెనని కోరుచున్నారు.

బయట వండుట మనకు కొత్త గాదు. పెండ్లిపందిరి వెనుక నేలలో త్రవ్వు గాడిపొయ్యి యేమి? పిడకల నిప్పుపై నెమ్మదిగ పాలు కాగు దాలి యేమి? కార్తికమాసమున ఉసిరికచెట్టు నీడను జరుగు వనభోజనముల వంట యేమి? చలికాలమున నిప్పులలో గ్రుచ్చిన చిలగడదుంపలు, తంపట వేసిన తేగలు, పాలకంకులు కాల్చి నలిపిన ఊచబియ్యము, మన్యమున వెదురుబొంగులో కాల్చు మాంసము—ఇవన్నియు బయటి వంటలే. కాల్చిన వంకాయ పచ్చడికి గ్యాసుమంట మీద నొక రుచి, బొగ్గులమీద నొక రుచి యని మనకు దెలియనిది కాదు. కావున బయట నిప్పు వేయవచ్చునా యనునది ప్రశ్న గాదు. శాశ్వతముగ నొక పొయ్యి కట్టదలచినప్పుడు దానియొద్ద నెవరు నిలుతురు, నిలిచినవారెటు చూతురు అనునదియే ప్రశ్న. ఈ రెండును తేలక మున్ను పెరటిలో ఇటుక దింపరాదని నా మనవి. మా యింట నీ విషయమై రెండు నెలలు జరిగిన చర్చను వినిపించినచో నేనిట్లనుటకు గారణము మీకే తెలియగలదు.

మా మఱది అమెరికాలో టెక్సాసు రాష్ట్రమందలి డల్లాసు నగరమున నుద్యోగము చేయుచున్నాడు. అతడును మా తోడికోడలును తమ పెరటిలో గట్టించుకొన్న వంటతిన్నె ఫొటోలు పంపిరి. వచ్చు సంక్రాంతికి పిల్లలతో వచ్చెదమనియు, అప్పటికి మన పెరటిలోను నట్టిదొకటి సిద్ధము కావలెననియు, ఖర్చులో సగము తాము భరింతుమనియు తెలియజేసిరి. ఆ తిన్నెను వారు ఐలాండు అందురు, అనగా ద్వీపము. ఏ గోడకును అంటక, చుట్టును నడచుటకు చోటుండునట్లు పెరటి నడుమ నిలుచునది గనుక ఆ పేరు వచ్చినది. ఒకచోట ఇనుపచువ్వల జల్లెడ, దానిక్రింద బొగ్గులు, ప్రక్కన గ్యాసుపొయ్యి, ఆవల నీటితొట్టి, నడుమనడుమ తఱుగుకొనుటకును పాత్రలు దించుటకును రాతిపలకలు. బార్బెక్యూ అను మాటయు ద్వీపములనుండి వచ్చినదే. కరిబియను దీవులలోని టైనో జనులు కఱ్ఱలతో మంచెవంటిదానిని గట్టి, దానిపై ఆహారమును పెట్టి క్రింద నిప్పు వేసెడివారు. స్పెయిను దేశస్థులు దానిని బార్బకోవా యనిరి. అదియే ఇంగ్లీషున బార్బెక్యూ ఆయెను. 1952వ సంవత్సరమున చికాగో ప్రాంతమున లోహపు పనిచేయు జార్జి స్టీఫెన్ అనునాతడు, నీటిలో తేలు బోయాలకై తయారుచేయు గుండ్రని చిప్పలతో మూతగల కుంపటి నొకదానిని కల్పించెను. ఆ దేశపు పెరళ్లలో నేటికిని ఆ యాకారపు కుంపట్లు కానవచ్చును.

ఆ ఫొటోలలో నా దృష్టి నిలిచినది మెఱయు ఉక్కుతలుపుల మీద గాదు. ఒకదానిలో మా మఱది నడుమునకు గుడ్డ కట్టుకొని, పట్టకారు చేతబట్టి నిలిచియున్నాడు. అతని కెదురుగ మా తోడికోడలు కుర్చీలో గూర్చుండి నవ్వుచున్నది. ఆ దేశమున ఇంటిలోపలి పొయ్యి యెవరిదైనను, పెరటి నిప్పు తఱుచుగ మగవారి పని. నిలిచి కాల్చువాడు అతిథుల నడుమనే యుండును. మాట వినును, మాటలాడును. నేర్చుకొనదగినది ఆ నిలుచు తీరని నాకు దోచినది.

మా మేస్త్రీ పెరడు కొలిచి కాగితముమీద నొక పథకము గీసెను. మా యిల్లు తూర్పుముఖము, పెరడు పడమటనున్నది. పడమటి ప్రహరీగోడ నానించి పొయ్యి, దానికిరుప్రక్కల బల్లలు, పైన రేకు, గోడలోనుండి పొగగొట్టము. గోడ యుండనే యున్నది గనుక ఒకవైపు ఇటుక మిగులును. పనియు త్వరగ ముగియును. మావారు ఉన్నతపాఠశాలలో గణితము బోధింతురు. లెక్క చూచి, "ఇది సరిగానే యున్నది" యనిరి.

నేను పెరటిలో కాగితము పట్టుకొని పొయ్యి యుండవలసిన చోట నిలిచి చూచితిని. ఎదుట గోడ. వెనుక వసారా, వసారాలో అతిథులు. "మిగిలిన యిటుకను లెక్కించితిరి. ఇక్కడ గోడవైపు మిగిలిపోవు మనిషిని లెక్కించితిరా?" యని యడిగితిని. మావారు నవ్విరి గాని జవాబు చెప్పలేదు. జవాబు మా యత్తగారినుండి వచ్చెను.

మా యత్తగారికి డెబ్బది దాటినవి. కాపురమునకు వచ్చిన తరువాత ఇరువదియేండ్లకు గాని మా యింటికి గ్యాసు రాలేదు. చలికాలము వచ్చినదన్న ఆమెకు దగ్గు విడువదు. కట్టెల పొగలో నన్నియేండ్లు పనిచేయుటవలన ఊపిరితిత్తులు బలహీనమైనవని వైద్యులు చెప్పియున్నారు. ఆమె పథకమును వినగానే, "అమ్మాయీ! ఇరువదియేండ్లు పొగ మ్రింగితిని. అది పోయినదని దేవునికి దీపము పెట్టుకొన్నదానను. దానిని మరల నీవు పేరంటమునకు బిలుచుచున్నావా?" యనిరి.

నేను, "అత్తయ్యగారూ, మీరు వలదన్నచో కట్టించను. కాని యొక మాట చెప్పుడు. ఆనాటి విందులలో పొగ తప్ప మఱియే కష్టమును లేదా?" యని యడిగితిని. ఆమె కొంతసేపూరకుండి యిట్లనిరి: "పొగ యొకటి. రెండవది చెప్పిన నవ్వెదవు. ఈ యింట నెన్ని విందులు జరిగెనో! అన్నిటికిని నేనే వండితిని. ముందరి గదిలో నవ్వు వినబడెడిది. దేనికి నవ్విరో నాకు దెలిసెడిది గాదు. మీ మామగారిని రాత్రి యడిగినచో, ఆ, ఏదో మాట, అనెడివారు."

మావారు తల వంచుకొని ఆ మాట వినిరి. మేస్త్రీ గీసిన కాగితమును మడిచి జేబులో బెట్టుకొనిరి. మఱునాటినుండి మా చర్చ వేఱు దారి బట్టెను.

మొదట పొగను గుఱించి చూడవలసివచ్చెను. మా యత్తగారి భయము వట్టి భయము గాదు. వంటపొగవలన ఇంటిగాలి చెడి, దానిచే గలుగు వ్యాధులతో 2020వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టినది. బయట వండినంతమాత్రమున పొగ విషము గాకపోదు. మన ముఖమునకు రాకుండ గాలి తీసికొనిపోయినప్పుడే మేలు. కావున గాలిని పరీక్షింప నిశ్చయించుకొని, నెలదినములు సాయంకాలము అయిదు గంటల వేళ పెరటి నడుమ నొక పీటమీద అగరువత్తి వెలిగించి, పొగ యేదిక్కునకు బోవుచున్నదో నా పద్దుపుస్తకమున వ్రాసికొంటిని. సముద్రము మా యూరికి తూర్పున గలదు. ఎండ కాసిన దినములలో సాయంకాలమునకు సముద్రపు గాలి తూర్పునుండి వచ్చి, ఇంటిమీదుగ పెరటిలో దిగి, పొగను పడమటికి గొనిపోవుచుండెను.

తరువాత వత్తిని మేస్త్రీ చెప్పిన చోట, గోడయొద్ద నుంచి చూచితిని. పొగ పడమటికి బోయి, గోడకు దగిలి, సుడితిరిగి, గోడకెదురుగ నిలిచిన నా ముఖమునకే వచ్చెను. మావారిని బిలిచి అదే చోట నిలువుమంటిని. వారు రెండు నిమిషములు నిలిచి, కండ్లు తుడుచుకొని, "ఈ లెక్క తప్పినది" యనిరి. గోడ నానించి కట్టిన పొయ్యి రెండు విధముల చెఱుపు చేయును: పొగను మరలించి వండువారికిచ్చును, మాటను వండువారికి రాకుండ ఆపును.

అందుచే పొయ్యిని గోడనుండి విడదీసి పెరటి నడుమకు దెచ్చితిమి. వండువారు తిన్నెకు దక్షిణమున నిలిచి ఉత్తరమునకు జూతురు. అప్పుడు తూర్పుగాలి కుడిచేతి ప్రక్కనుండి వచ్చి, పొగను ఎడమప్రక్కకు గొనిపోవును. గాలి వెన్నుకు దగులునట్లు నిలువరాదు. మన శరీరమే గోడవలె అడ్డమై, ముందరివైపున సుడి పుట్టి పొగ పైకి లేచును. ఉత్తరమున ఉసిరికచెట్టు క్రింద అతిథులకు బల్లలు. తూర్పున వసారా మెట్ల ప్రక్కన మా యత్తగారి కుర్చీ. గాలి ఆమె వెనుకనుండి వచ్చును గావున పొగ ఆమెను జేరదు. పడమటిదిక్కున నెవరును గూర్చుండరాదు. నాలుగు దిక్కులలో నొకటి పొగకు విడిచిపెట్టితిమి. సంక్రాంతి దినములలో గాలి యీశాన్యమునకు మరలినచో, వండువారు తిన్నెచుట్టు దిరిగి ఉత్తరమునకు బోయి నిలువవచ్చును. చుట్టును నాలుగేసి యడుగుల దారి విడిచితిమి గనుక ఆ వీలు కలదు.

ఆగ్నేయమూలనే పొయ్యి యుండవలెనని పొరుగింటివారొకరు సెలవిచ్చిరి. పూర్వులు దిక్కులను జెప్పినప్పుడు గాలిని దలచియే చెప్పియుందురని నా నమ్మకము. మా లోపలి వంటయిల్లు ఆగ్నేయమున నున్నది, అది యట్లేయుండును. పెరటి పొయ్యికి మాత్రము మా పెరటి గాలి చెప్పినదే వాస్తు అని సమాధానమిచ్చితిని.

ఇక నేమి కాల్చవలెననునది. మా యత్తగారొక కట్టడి చేసిరి: తాము కూర్చుండియున్నంతసేపు పచ్చికట్టె వేయరాదు, పిడక వేయరాదు. బొగ్గులు మాత్రమే. కట్టెను గాలి చాలినంత తగులనీయక కాల్చినచో తేమయు పొగజిగురును పోయి బొగ్గు మిగులును. అందుకే బొగ్గుకు పొగ తక్కువ. కొబ్బరిచిప్పల బొగ్గు మఱియు మేలు; గట్టిగ నుండి చాలసేపు వేడినిచ్చును. మా ప్రాంతమున చిప్పలకు గొదువ లేదు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలమున అతిథులకు వండించునప్పుడు పొగరాని కొబ్బరిచిప్పలను వంటచెఱకుగ వాడినట్లున్నది. చిన్ననాట మా తండ్రిగారు ఆ పద్యము చెప్పించినప్పుడు అది నాకు వట్టి వర్ణన. ఇప్పుడు చిప్పలు ఎండబెట్టుచుండగా, ఆ రాజు వంటయింటి కష్టమెఱిగినవాడని తెలిసినది.

బొగ్గుకు పొగ తక్కువ యని యేమఱరాదు. దానినుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ప్రాణము దీయును. వాన వచ్చినదని రగులుచున్న కుంపటిని వసారాలోనికి గాని గదిలోనికి గాని తేగూడదు. కిరసనాయిలు పోసి రగిలింపరాదు. బొగ్గులపై తెల్లని బూడిదపొర యేర్పడువఱకు, అనగా సుమారు అరగంట, ఓపిక పట్టి పిమ్మట జల్లెడమీద కూరలుంచవలెను. బొగ్గులన్నియు ఒకవైపునకు ద్రోసి, రెండవవైపు ఖాళీగ నుంచినచో, మాడుచున్నదానిని ప్రక్కకు జరుపుకొనుటకు చోటుండును.

తిన్నె కొలతలకు మేము మూడు దినములు తీసికొంటిమి. మఱది పంపిన పటములో ఎత్తు 36 అంగుళములని యున్నది. అది ఆ దేశపు కొలత. నిలిచి పనిచేయు బల్ల మోచేతికి నాలుగైదు అంగుళములు దిగువ నుండవలెను. అంతకు మించి హెచ్చైనచో భుజములు, తగ్గినచో నడుము నొచ్చును. నా మోచేయి నేలనుండి 38 అంగుళములు, మావారిది 42. ఎవరి కొలత బెట్టవలెనని మాటవచ్చినప్పుడు వారు, "నీదే పెట్టుము, నేను కొంచెము వంగినను తప్పు లేదు" అనిరి. 34 అంగుళములకు నిర్ణయమైనది. పొడవు 8 అడుగులు, వెడల్పు 3 అడుగులు. నడుమ 2 అడుగుల జల్లెడ; దానికిరువైపుల రెండేసి యడుగుల బల్ల; చివర గ్యాసుపొయ్యికి 2 అడుగులు. జల్లెడకిరువైపుల ఖాళీ బల్ల తప్పక యుండవలెను. వేడి పళ్లెరము చేతబట్టుకొని పెట్టుటకు చోటు వెదకుట యపాయము.

జల్లెడ బొగ్గులకు అయిదాఱు అంగుళముల ఎత్తున నుండును. దానికి స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలే కావలెను. అంగడిలో దొరకు తెల్లని జింకుపూత తీగవల చౌక గాని, నిప్పుమీద దాని పూతనుండి విషపు పొగ లేచును. సముద్రపు గాలి తగులు చోట స్టీలులోను 316 రకము త్రుప్పునకు త్వరగ లొంగదు. మా యింట మాంసము వండరు. వండుకొను ఇండ్లలో పచ్చిమాంసమంటిన పళ్లెరమును పట్టకారును కాలిన మాంసమునకు వాడరాదు. కోడిమాంసము లోపలివఱకు 74 సెంటీగ్రేడు డిగ్రీల వేడి నందినగాని సురక్షితము గాదు. పైన మాడి లోపల పచ్చిగ నుండుట బొగ్గులమీద తఱుచు జరుగును.

సంక్రాంతి అరిసెలకును, పదిమందికి వండు గుండిగలకును ఎత్తైన తిన్నె పనికిరాదు. మరుగుచున్న గుండిగను నడుమెత్తునుండి దించుట యెవరికిని క్షేమము గాదు. కావున తిన్నెకు దక్షిణపుచివర, నేలనుండి అడుగు ఎత్తున వేఱొక పొయ్యి పెట్టితిమి. అది కట్టెలపొయ్యి, ఏడాదికి నాలుగైదు మాఱులు మాత్రము వెలుగును, అదియు మా యత్తగారు లోపలనున్నప్పుడే.

కట్టుబడి విషయమున మేస్త్రీ మాటయే ప్రమాణముగ దీసికొంటిమి. బయట ఎఱ్ఱయిటుక, సిమెంటు. లోపల నిప్పు తగులుచోట నిప్పుకోర్చు ఇటుకను నిప్పుకోర్చు మట్టితో పేర్చవలెను. సిమెంటుపూత తీవ్రమైన వేడికి నిలువక పగిలి రాలును. కట్టిన పొయ్యిని వెంటనే మండింపక, బాగుగ ఆఱనిచ్చి, కొన్ని దినములు చిన్నమంటలు వేసి తేమ పోగొట్టిన పిదప వాడవలెను.

పైపలకకు మొదట కడపరాయి అనుకొంటిమి. నలుపు, నునుపు, వెల తక్కువ. కాని అది సున్నపురాయి జాతి. చింతపులుసు గాని నిమ్మరసము గాని పడినచో పొంగి, మెఱుగు పోయి, మచ్చ నిలుచును. తాండూరు బండయు నట్టిదే. మన వంటలో పులుపు లేని దినమేది? అందుచే గ్రానైటు పలక యే మేలని తేలినది. ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైటు విదేశములకు బోవుచున్నది. ఉక్కుతలుపులు మానుకొన్నచో అది మా పెరటికిని రాగలదని మావారు లెక్క చూపిరి. ఉక్కుతలుపులు మానుకొంటిమి.

గ్యాసు సిలిండరుంచు అఱకు తలుపు బదులు అడ్డకఱ్ఱలు వేయించుచున్నాము. ఇంటిగ్యాసు గాలికంటె బరువైనది. కాఱినచో పైకి బోక నేలబారున నిలుచును. కావున అఱ అడుగున, నేలమట్టమున, రెండువైపుల రంధ్రములుండవలెను. అందమునకని అన్నివైపుల మూసి కట్టినచో ఆ గ్యాసు నిప్పురవ్వకై వేచియుండును. బొగ్గులపొయ్యి ఒక చివర, సిలిండరు రెండవ చివర; నడుమ ఇటుకగోడ.

పైకప్పునకు తాటాకు చల్లదనమే గాని నిప్పుదగ్గఱ కూడదు. రేకు వేయుదమనగా మా యత్తగారు 1996వ సంవత్సరపు నవంబరు తుపానును దలచుకొనిరి. కోనసీమను ముంచిన యా రాత్రి రేకులు కాగితములవలె నెగిరినవట. తుదకు బొగ్గులపై కప్పు లేకుండ, గ్యాసుపొయ్యి బల్లపై మాత్రము తొమ్మిదడుగుల ఎత్తున పెంకులకప్పు నిర్ణయించితిమి. నాలుగు ప్రక్కలును తెఱపియే.

నీటివిషయము నిప్పువిషయమంత ముఖ్యము. మహాభారతమున అరణ్యపర్వమందు నలుడు బాహుకుడై వంట చేయునప్పుడు, అతడు చూచినంతనే కుండలు నీటితో నిండెననియు, గడ్డిని ఎండకు జూపగా నిప్పు పుట్టెననియు కేశిని పోయి దమయంతికి జెప్పును. అతని చేతివంటను రుచిచూచియే దమయంతి భర్తను గుఱుతించినది. మనకట్టి వరములు లేవు. కావున కొళాయి గొట్టము, నీరు పాఱుటకు వాలు, ఆ నీరు అరటిపాదులకు బోవుటకు కాలువ ముందుగనే గీసికొనవలెను. లేనిచో తిన్నె బయటను, నీరు లోపలను ఉండి, బిందెలు మోయుట యొక్కటి యిల్లాలికి మిగులును.

బాహుకుని కథ చెప్పుచు నేను మావారితో, "నలపాకము, భీమపాకము అని పేరు పొందినవారిరువురును పురుషులే. విరాటుని కొలువున వలలుడు గరిటె బట్టినందున భీముని గద తేలిక గాలేదు" అంటిని. వారు, "అయితే బొగ్గులు నా వంతు" అనిరి. "బొగ్గులు మాత్రమేనా? మఱునాటి బూడిదయో?" యని మా యత్తగారడిగిరి. ఆమె యిట్టి ప్రశ్న వేయుట నేనదివఱకు వినలేదు. నిజమునకు పెరటి విందులలో కాల్చుట వేడుక. మఱునాడు జల్లెడ తోముట, బూడిద యెత్తుట, ఎంగిలాకులు తీయుట వేడుక గాదు. వేడుక యొకరిది, తోముడు మఱియొకరిది ఐనచో, గోడవైపు చూచు పొయ్యికిని దీనికిని భేదమేమి? కావున నిప్పు వెలిగించినవారే మఱునాడు బూడిద యెత్తవలెనని మా యింట నియమమేర్పడినది. ఆఱినట్లు కనబడు బొగ్గు మఱునాటివఱకు లోపల రగులుచుండవచ్చును. కావున బూడిదను మూతగల యినుపడబ్బాలోనే యెత్తవలెను.

ఈ సంగతులన్నియు వ్రాసి మఱదికి బంపితిమి. అతడు తన పటమున కింత మార్పేలయని యడుగునేమోయని మావారు సందేహించిరి. అతడు ఫోనులో తల్లితో మాటలాడి, "అమ్మా, నీ కుర్చీ యెటు వేసితిరి?" అని మాత్రమడిగెనట. "అందఱును కనబడునట్లు" అని యామె చెప్పిరి. ఆ మాటకు దగ్గు రాలేదు.

మొన్న దశమినాడు మేస్త్రీ వచ్చి పెరటిలో ముగ్గుపిండితో గుఱుతులు వేసెను. పొయ్యికొక చతురస్రము, బల్లలకు గీతలు. మావారు టేపుతో కొలిచి సరిచూచిరి. మా యత్తగారు మెట్లు దిగి, తమ కుర్చీ తామే తెచ్చుకొని, గుఱుతు వేసిన చోట గాక రెండడుగులు ముందునకు వేసికొని కూర్చుండిరి. "ఇచ్చటనుండి వినబడును" అనిరి. మేస్త్రీ కాగితము దిద్దుకొనెను.

సోదరీమణులారా! మీ యింట నిట్టి తిన్నె కట్టదలచినచో, అంగడికి బోవుటకు ముందు నెలదినములు అగరువత్తి వెలిగించి గాలిని జూడుడు. మీ మోచేతి యెత్తును కొలుచుకొనుడు. నీరు, నిప్పు, బూడిద యెవరి వంతో ముందుగ మాటలాడుకొనుడు. మీ యింట నన్నింటికంటె నెక్కువ యేండ్లు వండినవారిని బిలిచి, వారెచ్చట గూర్చుండదలచిరో యడిగి, ఆ చోటు గుఱుతు వేసిన పిమ్మటనే పొయ్యికి గుఱుతు వేయుడు. పెరడు చిన్నదైనచో తిన్నె లేకున్నను సరియే. నేలమీద నొక కుంపటి యుంచినను, దానిచుట్టు అందఱకును చోటుండిన చాలును.